నీలవ్వ ప్రార్థన, చిరునామాతో సహా

నీలవ్వ తన కోసం ఎన్నడూ ప్రార్థన చేసుకోదు. పక్కవాళ్ల కోసమే చేస్తుంది. వచ్చిన చిక్కంతా అదే.

ఆదివారం పూజలో ఫాదర్ ప్రసంగం అయ్యాక విశ్వాసుల ప్రార్థన ఉంటుంది. ఇష్టమైనవాళ్లు లేచి ఎవరి అక్కరనైనా దేవుడికి విన్నవించవచ్చు. తక్కినవాళ్లు "ప్రభువా, మా ప్రార్థన ఆలకింపుము" అంటారు. ఆర్మూరు చర్చిలో లేచేది నీలవ్వ ఒక్కతే. ఆమె లేస్తే జనానికి దేవుడు గుర్తుకొచ్చేవాడు కాదు, తాము చేసిన పనులు గుర్తుకొచ్చేవి.

"ప్రభువా, గీ తుకారాం తాగుడు బంద్ చేయించు. మామిడిపల్లి తొవ్వల ఉండే తుకారాం కాదు, గాయిన మంచోడే. మన తుకారాం. గీడనే కిటికీ పక్కన కూసున్నడు, తెల్లంగి. మానేసిన అని ఇంట్ల చెప్పి, బస్టాండు ఎనుక తాగుతుండు."

"ప్రభువా, మా ప్రార్థన ఆలకింపుము" అన్నారంతా. అలవాటు కొద్దీ తుకారాం కూడా అన్నాడు.

పూజ అయ్యాక లబోదిబోమన్నాడు. "గా ముచ్చట దేవునికి మెల్లగ చెప్పరాదె అవ్వా? నా పెండ్లాం ఇన్నది!"

"ఇంటె ఇననియ్యి. గామె సుత మనతోనే అన్నది గద."

ఇలాంటివి వింటే ఉపదేశి కాశీరాంకు ఒళ్లు మండిపోయేది. ఫాదర్ ఊరూరూ తిరుగుతుంటే చర్చి పనులు చూసుకునేది ఆయనే. మడత నలగని అంగీ, పుస్తకం దాటని మాట. నీలవ్వకు జ్ఞానస్నానంలో పెట్టిన అన్నమ్మ అనే పేరు రిజిస్టరులో ఉంటే, ఆ పేరుతో పిలిచేది కాశీరాం ఒక్కడే. ఆమె పలికేది కాదు.

ఒకసారి కూర్చోబెట్టి అడిగాడు. "అన్నమ్మా, దేవునికి అన్నీ తెలుసు. ఇంటి గుర్తులు, అంగి రంగు ఎందుకమ్మా?"

పలకలేదు.

"నీలవ్వా!"

"ఆఁ. ఆర్మూర్ల లింగాలు ఎందరున్నరో నీకు ఎర్కనా? పోయిన వానకాలం లింగంకు జరమొస్తె ఉత్త పేరు జెప్పి మొక్కిన. బజారు లింగంకు తక్కువైంది, మన లింగం ఇంక పదొద్దులు పండుకున్నడు. తప్పు ఎవలది?"

కాశీరాం తల పట్టుకున్నాడు. నీలవ్వ పొద్దంతా మార్కెట్ యార్డులో పసుపు కొమ్ములు ఏరే మనిషి. ఊళ్లో ఎవరి సంగతైనా ఆ కుప్పల దగ్గరే తెలుస్తుంది. పసుపు చేతులకే అంటుకుంటుంది, సంగతులు మాత్రం నేరుగా కడుపులోకి పోయి, ఆదివారం దాకా ఉబ్బి, చర్చిలో బయటపడేవి.

ఎనభై ఏడులో బిషప్ గారు వచ్చిన రోజున కొంప మునిగింది. "ప్రభువా, మా ఫాదర్ ఫట్‌ఫటీ నూకితె గాని చాలు గాదు. కొత్తది ఇప్పియ్యిమని బిషప్ సాబ్‌కు చెప్పి చెప్పి యాష్టకొచ్చిండు. గా పెద్ద కుర్సీల కూసున్న సాబే, ప్రభువా." ఫాదర్ ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. నెల తిరక్కుండా కొత్త బండి వచ్చిందనుకోండి, అది వేరే సంగతి. ఆ వారమే కాశీరాం హుకుం జారీ చేశాడు. ఇకమీదట ప్రార్థనలు కాగితం మీదివే, చదివేది తానే. నీలవ్వ చర్చిలో నోరు మెదపరాదు.

"గట్లనే" అంది నీలవ్వ.

అప్పటి నుంచి చర్చి ఎంత ప్రశాంతంగా ఉండేదో! పోపు గారి కోసం, దేశాన్నేలే నాయకుల కోసం, ప్రపంచ శాంతి కోసం కమ్మగా ప్రార్థించి ఇళ్లకు పోయి కోడికూర తినేవాళ్లు. ప్రపంచ శాంతి కోసం మొక్కితే మరి ఎవరూ బండి కట్టక్కర లేదు కదా.

ఆ మరుసటి ఏడు, ఈస్టరు ముందటి తపస్సు కాలంలో, కాశీరాం భార్య లక్ష్మవ్వకు నిజామాబాద్ దవాఖానలో ఆపరేషన్ అయింది. సరిగ్గా అప్పుడే పక్కూరు పెర్కిట్ దగ్గర ఆయన చేనులో పసుపు తవ్వి కుప్ప పోసి ఉంది. తవ్విన పసుపును వెంటనే ఉడకబెట్టాలి, లేకపోతే కుప్ప అడుగు నుంచి కుళ్లుతుంది. ఏడాది పంట. కడాయి కావాలి, నలుగురు మనుషులు కావాలి. కాశీరాం పగలు దవాఖానలో, రాత్రి బస్సులో. ఎవరడిగినా "అంత దేవుని దయ" అనేవాడు. ఉపదేశి అన్నవాడు ఒకరి ముందు చేయి చాపితే ఏం బాగుంటుంది?

ఆదివారం కాగితం పట్టుకుని నిలబడ్డాడు. పోపు గారు అయిపోయారు. నాయకులు అయిపోయారు. ప్రపంచ శాంతిని సాగదీసి సాగదీసి చదువుతూ నీలవ్వ వైపు చూశాడు. నోరు కుట్టేసినట్టు కూర్చుంది. దగ్గాడు. "ఇంకెవరికన్నా... మనసుల ఏమన్నా ఉంటె..." అన్నాడు. నీలవ్వ కళ్లు మూసుకుంది. హుకుం అంటే హుకుం. కాశీరాంకు ఏడుపొచ్చింది. దానికి తోడు తుకారాం చర్చికే రాలేదు. తపస్సు కాలంలో పూజ ఎగ్గొడతాడా అని ఆ కోపమొకటి.

పూజ అయ్యీ కాగానే చేనుకు పోయాడు. దూరం నుంచే పొగ కనిపించింది. కుప్ప తగలబడుతోందనుకుని పంచె ఎగ్గట్టి ఉరికాడు.

కుప్ప సగం తరిగిపోయింది. పెద్ద కడాయిలో పసుపు కుతకుత ఉడుకుతోంది. తుకారాం మంట ఎగదోస్తున్నాడు. కడాయి యజమాని నడిపయ్య, చర్చి గడప ఎన్నడూ తొక్కని పెర్కిట్ రైతు, ఉడికిన కొమ్ములు ఆరబోస్తున్నాడు.

"నీకెవలు చెప్పిండ్రు?" అని నడిపయ్యను అడిగాడు కాశీరాం రొప్పుతూ.

"నాకెవలు జెప్తరు? నిన్న మీ నీలవ్వొచ్చి మా గడపల నిలవడి కండ్లు మూసుకుని మీ దేవునికి మొక్కుడు షురూ జేసింది. బువ్వ తిని పో అంటె కదల్దు. గా దేవుడు ఇన్నడో లేదో గని, ఇంట్ల మా చెవులు పోతున్నయని కడాయి బండికెక్కిచ్చిన. గీ తుకారాం గడపల సుత గట్లనే నిలవడ్డదట."

"నా పేరు చెప్పిందా?"

"లే, పేరైతె చెప్పలే. ఎవలో ఒకాయన, పెండ్లాం దవాఖానల ఉన్నది, పసుపు కుప్ప మీదున్నది, అడుగనీకి నోరు రాని మొండోడు అన్నది. ఇగ నువ్వు గాకుంటె ఎవలుంటరు?"

ఇంతలో నీలవ్వ కట్టెల మోపుతో వచ్చింది. కాశీరాం ఎదురెళ్లాడు. "నీలవ్వా, అందరి పేర్లు ఇంటి గుర్తులతోని చెప్తవు. నా పేరెందుకు చెప్పలే?"

"చెప్తె నీ ఇజ్జత్ పోదా?"

"మరి తుకారాంది పోలేదా?"

"గాడు ఓర్చుకుంటడు. నీకు గంత తాకత్ లేదు గద, బిడ్డా." మోపు దించింది. "నిలవడి ఏం జూస్తున్నవు? కట్టె పెట్టు, మంట ఆరుతుంది."

కాశీరాం వంగి కట్టె పెట్టాడు.

లక్ష్మవ్వ ఇంటికొచ్చాక మొదటి ఆదివారం. కాశీరాం కాగితం సగంలోనే మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నీలవ్వా, లే" అన్నాడు.

చర్చి అంతా గుండెలు చిక్కబట్టుకుంది. నీలవ్వ కొంగు సర్దుకుని లేచింది.

"ప్రభువా, మన ఉపదేశి కాశీరాం పెండ్లాం లక్ష్మవ్వ, గా ముందట దుప్పటి కప్పుకున్నామె, దవాఖాన కెళ్లి బతికొచ్చింది. నీకు దండం. గని ఇప్పుడు ఇంట్ల వంట కాశీరాం చేస్తుండు, ప్రభువా. గామెను నువ్వే కాపాడాలె."

"ప్రభువా, మా ప్రార్థన ఆలకింపుము!" అంది లక్ష్మవ్వ, కుట్లు నొప్పి పుడుతున్నా అందరికంటే గట్టిగా.