అత్తగారికి పెట్టిన చేపల పులుసు

మాది నరసాపురంలో కిరాణా కొట్టు నడుపుకునే కుటుంబం. ఇంట్లోకి కోడిగుడ్డు కూడా రానిచ్చేవారు కాదు. నేను ప్రేమించి పెళ్లి చేసుకున్నది చేపల వేటకెళ్లే ఇంటి అబ్బాయిని.

కాపురానికి వెళ్లిన కొత్తలోనే అత్తగారు పెరటివైపు నాకోసం వేరే పొయ్యి పెట్టించారు. "అలవాటు లేనిది నువ్వు ముట్టుకోవద్దు తల్లీ. నీ వంట నువ్వు చేసుకో," అన్నారు. చేపల బజారు నుంచి వచ్చి స్నానం చేస్తేగానీ నా పొయ్యి దగ్గరికి వచ్చేవారు కాదు. కార్తీకమాసంలో మాత్రం ఇంటిల్లిపాదికీ నా వంటే. చేపలమ్మే మనిషైనా ఆవిడ ఆ నెలంతా నీచు ముట్టేవారు కాదు. కందా బచ్చలి కూర మారు అడిగి వేయించుకునేవారు.

పోయిన వర్షాకాలంలో ఆవిడ బజారులో గంప దించుకుంటూ కూలబడిపోయారు. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది.

పెద్దకార్యం నాడు పోయినవాళ్లకి ఇష్టమైనవి వండి పెట్టడం వాళ్ల ఆచారం. అత్తగారికి బెండకాయలు వేసిన చేపల పులుసంటే ప్రాణం.

"నువ్వు తప్పుకో వదినా, నేను వండుతాలే," అంది ఆడపడుచు చేపలు కడుగుతూ.

"నేనే వండుతాను. నువ్వు పక్కనుండి చెప్పు."

మొదటి ముక్క పట్టుకోగానే నీచు వాసన గుప్పుమంది. ముక్కుకి కొంగు అడ్డం కట్టుకున్నాను.

"గరిటె పెట్టకు వదినా, ముక్క చెదిరిపోద్ది. దాకని రెండు చేతులా పట్టుకుని తిప్పు."

తిప్పాను. కళ్లు కారుతూనే ఉన్నాయి.

గోదావరి గట్టున ఆకులో పెట్టి పక్కకి జరిగాం. కాకి వాలింది. మా ఆయన అటు తిరిగి భోరుమన్నారు. భోజనాల్లో అందరూ పులుసు పోసుకున్నారు. నాకు మజ్జిగన్నం కూడా దిగలేదు.

సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది. మా ఇంటికొస్తే కొబ్బరిబొండం తప్ప ఏమీ పుచ్చుకోదు అమ్మ.

"ఏం వండారే?"

"చేపల పులుసు. నేనే వండానమ్మా."

కోప్పడుతుందనుకున్నాను.

"మరి ఉప్పు ఎలా చూశావే?"

"చూడలేదు."

"అవునులే. పోయినవాళ్లకి పెట్టేది ముందు మనం రుచి చూడకూడదుగా. మనింట్లోనూ అంతే." అమ్మ ముక్కు చీదుకుంది. "నిన్ను కూతురిలా చూసుకుందే ఆవిడ."

అమ్మ ఈ ఒక్క మాట ఆవిడ బతికుండగా, ఆవిడ వినేలా అని ఉంటే ఎంత బాగుండేదో!