కొండ దిగే లారీలో కుంపటి

ఆ లారీ క్యాబిన్ తలుపు తీస్తే మొదట కొట్టేది వాసనే. తడిసి ఆరని కంబళ్లు, ఎండుచేప, తలనూనె, నమిలి మూలకు ఊసిన తంబాకు, వీటన్నిటి మీదా డీజిల్ కంపు. డెబ్బైల నడుమ, ఒమన్‌లో కొండమీది ఒక కట్టుబడి సైట్‌లో నేను పనివాళ్ల హాజరు రాసే టైమ్‌కీపర్‌ని. ఆఫీసు పని పడితే ఆ లారీలోనే మస్కట్‌కు దిగాలి.

మా తాత ఊరికి దొర. మా నాయన కాలానికి భూమి పోయింది, మేముండే గడి కూలింది, దొర అన్న పిలుపు మాత్రం మిగిలింది. సైట్‌లో పనివాళ్లు చాలామంది మా జిల్లావాళ్లే. వాళ్లు నన్ను దొరా అనే పిలిచేవారు. అందులో మర్యాద ఎంతో వెటకారం ఎంతో నాకు తెలుసు. నేను వాళ్ల రూమ్‌లో తినలేదు, వాళ్ల చాప మీద కూర్చోలేదు. లారీలో మాత్రం వాళ్ల మధ్య ఇరుక్కోక తప్పేది కాదు.

ఏదో చలిదేశంలో వాడి వదిలేసిన లారీ అది. డ్రైవర్ వెనక కూడా ఒక పొడుగు బల్ల, ఆ బల్ల కింద ఒక ఇనుప డబ్బా. పనివాళ్లు దాన్ని కుంపటి అనేవారు. మామూలు బళ్లలో ఇంజన్ వేడే క్యాబిన్‌ను వెచ్చబెడుతుంది. కానీ డీజిల్ ఇంజన్ బరువు లాగితేనే బాగా వేడెక్కుతుంది. కొండ దిగుతున్నంతసేపూ చల్లారుతూనే ఉంటుంది. అందుకే ఈ వేరే పొయ్యి. లారీ ట్యాంకులోని డీజిలే సన్నటి గొట్టం గుండా కొద్దికొద్దిగా దీనిలోకి వస్తుంది. మీట తిప్పితే లోపల ఒక తీగ ఎర్రగా కాలి దాన్ని అంటిస్తుంది. మంట మూసిన ఇనుప గదిలో మండుతుంది. చిన్న ఫ్యాన్ ఒకటి క్యాబిన్ గాలిని ఆ గది చుట్టూ తిప్పి, వెచ్చబడ్డాక మన కాళ్లమీదికి వదులుతుంది. మంట పీల్చే గాలి వేరు, మనం పీల్చే గాలి వేరు. మంటకు గాలి లారీ అడుగునుంచి ఒక గొట్టంలో వస్తుంది, పొగ ఇంకో గొట్టంలో బయటికి పోతుంది. ఆ రెండు గాలులూ కలవకూడదు. చిన్నప్పుడు మా ఇంట్లో కారు ఉండేది. మూత తీసి ఏది ఎక్కడికి పోతుందో చూడటం నాకు అప్పటి అలవాటు. దీన్నీ అలాగే చూసి ఉంచుకున్నాను.

ఆ ఏడు చలి ముదిరి డ్రమ్ముల్లో నీళ్ల మీద మంచు పలక కట్టిన పొద్దున, ఒక తాపీమేస్త్రీకి నిమ్ము చేసింది. ఒళ్లు కాలిపోతోంది, ఊపిరి తీస్తే ఛాతీలో గురగుర. వెంటనే ఆసుపత్రికి చేర్చకపోతే దక్కడన్నాడు క్యాంపు కాంపౌండర్. మనిషిని వెనక బల్లమీద పడుకోబెట్టారు. కాళ్ల దగ్గర అతని బావమరిది కూర్చున్నాడు. ముందు డ్రైవర్, నేను.

జ్వరం మనిషికి గాలి తగలకూడదని వాళ్ల పట్టు. బావమరిది మేస్త్రీ చెవులకు తువ్వాల చుట్టి, అద్దాల సందుల్లో, తలుపు అంచుల్లో గుడ్డపేలికలు కుక్కాడు. డ్రైవర్ కుంపటి మీట తిప్పాడు. ఆ చలికాలంలో దాన్ని వెలిగించడం అదే మొదలు.

కొన్ని మలుపులు దిగేసరికి కళ్లు మండాయి. నేను ముక్కుకు రుమాలు పెట్టుకున్నాను.

"ఏంది దొరా, మా కంపు పడ్తలేదా?" అన్నాడు డ్రైవర్.

"మీ కంపు నాకు అలవాటే. ఇది వేరు. కుంపటి ఆపు."

"ఆపితే గాయన సలికి సస్తడు. జర ఓర్సుకో. ఇది గడి గాదు."

"దొరకు అత్తరు తేవాలె అన్నా, లారీ ఎక్కితందుకు," అని వెనకనుంచి బావమరిది నవ్వాడు.

నా కణతలు కొట్టుకోసాగాయి. వెనక్కి తిరిగి చూస్తే మేస్త్రీ మూలగడం మానేశాడు.

"ఎచ్చగైంది, మంచిగ నిద్రవట్టింది," అన్నాడు బావమరిది ఆవలిస్తూ. డ్రైవర్ కూడా ఆవలించాడు. తరువాతి మలుపులో లారీ అంచు దాకా జరిగింది. బ్రేకు ఆలస్యంగా పడింది.

"ఆపు!" అని అరిచి, బండి ఆగీ ఆగకముందే మీట తిప్పి కుంపటి ఆపేసి తలుపు బార్లా తీశాను. వెనక పేలికలన్నీ పీకి అద్దాలు దించాను. బావమరిది నా చెయ్యి పట్టుకున్నాడు.

"సంపుతవా దొరా? నిమ్ము మనిషికి గాలి వెడ్తవా? మీ తాతలు సంపింది సాలదా?"

చెయ్యి విడిపించుకుని, గడ్డకట్టిన కంకర మీద వెల్లకిలా పడుకుని లారీ కిందికి జరిగాను. కుంపటి పొగగొట్టం నోట్లో గోనెగుడ్డ కుక్కి ఉంది. లాగితే నూనె మసి, ఎలుక పెంటికలు, సగం కాలిన ఎలుక గూడు అన్నీ కలిసి నా నోటిమీద, మెడలో రాలాయి. పక్కకు తిరిగి రాళ్లమీద కక్కుకున్నాను.

"ఎండకాలంల నేనే పెట్టిన," అన్నాడు డ్రైవర్ వంగి చూసి, సిగ్గన్నది లేకుండా. "సీబ్ ఊరి రోడ్డుమీద దుమ్ము లోపటికొస్తుండె గద."

దుమ్ము ఆ గొట్టంలోంచి రాదు. అది క్యాబిన్‌లోకి తెరుచుకోనే తెరుచుకోదు. పోయే దారి లేక పొగ అతుకుల్లోంచి ఉబికి వెచ్చటి గాలిలో కలిసింది. మత్తెక్కించి చంపే ఆ పొగకు వాసన ఉండబట్టి బతికాం.

నేను లేచి వచ్చేసరికి బావమరిది మేస్త్రీ బుగ్గలు తడుతూ ఏడుస్తున్నాడు. ఇద్దరం కలిసి అతన్ని లేపి తలుపు దగ్గర కూర్చోబెట్టాం. చలిగాలి ముఖాన కొట్టగా కొట్టగా ఎప్పటికో దగ్గాడు, కళ్లు తెరిచాడు, తిన్న జావంతా నా కోటుమీద కక్కాడు. ఉన్నది ఆ ఒక్క కోటు. అయినా అతను పూర్తిగా ఊపిరి తీసేదాకా పట్టుకునే ఉన్నాను.

లోపల పొగంతా పోయాక కుంపటి మళ్లీ వెలిగించాం. ఈసారి వేడి తప్ప వాసన రాలేదు. అయినా నా వైపు అద్దం జానెడు తెరిచే ఉంచాను. మధ్యాహ్నానికి ఆసుపత్రి చేరాం.

మేస్త్రీ కోలుకుని సైట్‌కు తిరిగొచ్చాడు. మా కంపు ఓర్వలేక దొర సలిల తలుపు తీసిండు అని మెస్‌లో అందరికీ చెప్పాడు. నేను సరిదిద్దలేదు. వాళ్లకు సంజాయిషీ ఇవ్వడం నా వల్ల కాదు. కానీ ఆ చలికాలమంతా, లారీ కొండ దిగే ముందు ప్రతిసారీ కిందికి వంగి, ఆ గొట్టంలో పుల్ల పెట్టి తిప్పి చూసేవాణ్ణి.

"సూడుండ్రి, దొర లారీకి మొక్కుతుండు!" అని డ్రైవర్ సీట్లోంచి కేకేసేవాడు. "మా నాయన గడి ముంగట గిట్లనే వంగుతుండె!"

అందరూ నవ్వేవారు. అందరికంటే గట్టిగా మేస్త్రీ నవ్వేవాడు, దగ్గు లేకుండా. నేను చేతికంటిన మసి తుడుచుకుని, ఎవరి ముఖమూ చూడకుండా ఎక్కి కూర్చుని, "ఇక పోనీ" అనేవాణ్ణి.