వాగు దాటని పేరు

మొన్న ఆదివారం పూజ చివర ఫాదర్ గారు మా తమ్ముడి పెళ్లి చాటింపు చదివి, తలెత్తి నా వైపు చూశారు. తర్వాత గదిలోకి పిలిచి, వాడి జ్ఞానస్నానం ఇక్కడి రిజిస్టరులోనూ, మా గూడెం ఇదివరకున్న పాత విచారణ, అంటే పారిష్, రిజిస్టరులోనూ లేదని, నీళ్లు పోయడం కళ్లారా చూసి, 'పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున' అన్న మాటలు చెవులారా విన్నవాళ్లు ఒక్కరు రాసి సంతకం పెడితే చాలని, లేకపోతే మళ్లీ ఇవ్వాలని చెప్పారు. నాన్న పోయాక, ఆ రోజు చూసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. నాకప్పుడు తొమ్మిదేళ్లు.

పిల్లలు పడుకున్నాక కాగితం ముందేసుకుంటే చిన్నతనమంతా వచ్చి కూర్చుంది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో అడవి అంచు గూడేలన్నిటికీ ఒకటే విచారణ, ఒకరే ఫాదర్. ఆయన నెలకోసారి బండి మీద వస్తే, మిగతా ఆదివారాలు ఉపదేశి అయిన మా నాన్నే ప్రార్థన నడిపి, రోగులను పలకరించి, పుట్టినవాళ్ల పేర్లు చీటీల మీద రాసి విచారణకు పంపేవాడు. పోపుగారు, మేత్రాణులనే బిషప్ గారు, ఫాదర్, ఆ తర్వాత మా నాన్నే అని బడిలో గొప్పగా చెప్పుకునేదాన్ని.

ఒక వానాకాలం, వాగు పొంగి దారి తెగిన రోజున తమ్ముడు నెలలు నిండకుండా పుట్టాడు. ఏడవలేదు. అమ్మకు సోయి లేదు. ప్రాణం మీదికొస్తే ఎవరైనా జ్ఞానస్నానం ఇవ్వొచ్చని అందరికీ నేర్పే నాన్న, నా చేతిలోని చెంబు తీసుకుని బిడ్డ తల మీద నీళ్లు పోశాడు. వాడు బతికాడు.

చీటీ మాత్రం రాయలేదు. "ఊరందరి పేర్లు రాస్తవు, ఇంట్లోడి పేరుకు చెయ్యి రాదా?" అని అమ్మ దెప్పేది. "సొంత కొడుకు పేరు నేనే రాసుకుంటే ఏం బాగుంటది? ఫాదరొచ్చి రాస్తడు తీ," అనేవాడు. ఇంతలో ఆ ఫాదర్ బదిలీ అయ్యారు, విచారణ రెండైంది, మా గూడెం కొత్తదాంట్లోకి వచ్చింది. పాతవాళ్లు రాశారని కొత్తవాళ్లు, కొత్తవాళ్లు రాస్తారని పాతవాళ్లు అనుకున్నారు. ఉపదేశి కొడుకును చీటీ ఎవరడుగుతారు?

"మళ్ల పోయించుకుంటే అయిపాయె అక్కా, ఎండలు గూడ మస్తున్నయ్," అని తమ్ముడు ఫోన్‌లో నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. మళ్లీ పోయడమంటే నాన్న చేసినదాన్ని అనుమానించడమే కదా.

నీళ్లు పోయడం చూశానని రాశాను. నాన్న పెదవులు కదిలాయని రాశాను. ఆ మాటలు విన్నానా అన్న దగ్గర కలం ఆగింది. కప్పు మీద వాన హోరు తప్ప ఎంత తవ్వుకున్నా ఏదీ దొరకలేదు. వినలేదని రాసి సంతకం పెట్టాను; ఇక తమ్ముడికి మళ్లీ ఇవ్వక తప్పదు.

ఇప్పుడు వాగు మీద వంతెన ఉంది, ప్రతి ఆదివారం పూజ ఉంది, పేర్లన్నీ కంప్యూటరులో ఉన్నాయి. తడిసిన చెప్పులు గుమ్మం ముందు విడిచి ఇంటింటికీ వచ్చే ఉపదేశే లేడు.

పొద్దున, మామయ్యకు మళ్లీ జ్ఞానస్నానం ఎందుకని పిల్లలు అడిగారు. జడలు వేస్తూ చెప్పాను.

"తాతయ్య ఆ మాటలు అన్నడు బిడ్డా. మీ అమ్మకే, నాకే వినబడలే."