ఇంజన్ వేడెక్కాక మాట్లాడదాం

ఈ రోజు నా పద్నాలుగేళ్ల కారులో ఇంజన్ లైటు వెలిగితే, వాట్‌గంజ్‌లో ఉన్న మన తెలుగు మెకానిక్ దగ్గరకు తీసుకెళ్లాను. ఇంట్లో తోచడం లేదని నాన్న కూడా వచ్చారు. మా వంతు వచ్చేసరికి ఇంజన్ పూర్తిగా చల్లారిపోయింది.

పొగగొట్టానికి ఉండే ఆక్సిజన్ సెన్సర్ వైరుకు మెకానిక్ మీటరు పెట్టాడు. అంకె సున్నా దాటలేదు. వెంటనే నాన్న వైపు తిరిగాడు.

“సెన్సర్ పోనాది బాబాయ్. పాత బండి, అమ్మీసుకోండి.”

నాకు ఒళ్లు మండింది. బండి నాది, నడిపేది నేను. గార్డెన్ రీచ్ ఓడల కర్మాగారంలో రోజూ మీటర్లు పరీక్షించే ఆడమనిషిని.

“అది బాగా కాగితే గానీ పని సెయ్యదు. సల్లటి ఇంజన్ మీద ఏటి సూసినావు?” అని ఇంజన్ స్టార్ట్ చేసి పది నిమిషాలు అలాగే ఉంచాను. అప్పుడు మీటరులో అంకె ఒక వోల్టు లోపే చకచకా పైకీ కిందికీ ఊగింది. సెన్సర్ బతికే ఉంది. దాని ప్లగ్గు పిన్నుకి చిలుము పట్టిందంతే. గీకి బిగించి, లైటు ఆర్పించి, ఓడల రేవు దాకా తిప్పుకొచ్చాను. మళ్లీ వెలగలేదు.

మెకానిక్ మళ్లీ నాన్న వైపే తిరిగాడు. “సెన్సర్ బాగానే ఉన్నాది బాబాయ్.”

మట్టికప్పులో టీ ఊదుకుంటున్న నాన్న తలెత్తారు.

“నాకేటి సెప్తావురా? నాకు సైకిలు తొక్కడమే రాదు. మా అమ్మితో సెప్పు.”

బండి అమ్మేది లేదు. మీ బండి సంగతి మీ మెకానిక్ ఎవరి మొహం చూసి చెబుతాడో కింద రాయండి.