గొడుగు కొండ మీద గొడ్డళ్లు

డుంబ్రిగుడ దగ్గర కొండ మీద పెట్టిన రేడియో టెలిస్కోపుకు క్రిస్టినా ఆపరేటరు. కొండ కింది ఊరి పిల్లే. విశాఖలో డిప్లొమా చేసి సొంత కొండకే ఉద్యోగానికి వచ్చింది. ఆకాశం వైపు తిరిగిన ఆ పెద్ద తెల్లటి పళ్లేన్ని ఊళ్లో గొడుగు అనేవారు. నక్షత్రం నుంచి వచ్చే రేడియో తరంగం ఈ గొడుగుకూ, ఎక్కడో దూరదేశంలోని మరో గొడుగుకూ ఒకే క్షణంలో చేరదు. ఆ తేడాను కొలిస్తే నక్షత్రం ఆకాశంలో సరిగ్గా ఎక్కడుందో తెలుస్తుంది. క్రిస్టినా పని అదే.

ఊరికి నమ్మకం కుదరలేదు. లోగడ కొండను తవ్వి చూసినవాళ్లు కూడా ఇలాగే మిషన్లతో వచ్చారు. గొడుగు కొండలో బాక్సైటు ఖనిజం వెతుకుతోందని, దొరికితే కొండను తవ్వేస్తారన్న మాట సంతలో పుట్టి ఇల్లిల్లూ తిరిగింది.

ఒక మధ్యాహ్నం జనం గొడ్డళ్లు, గునపాలతో కొండెక్కారు. కాపలా ఉన్న అప్పలనర్సమ్మ గేటుకు అడ్డం నిలబడితే రాయి విసిరారు. నుదురు పగిలి, కళ్లలోకి రక్తం కారుతూ ఆమె కూలబడింది. అద్దాలు పగిలాయి. కేబుళ్లు తెగిపడ్డాయి. క్రిస్టినా రిసీవర్ గది తలుపుకు వీపు ఆనించి నిలబడింది. ఎదురుగా గొడ్డలితో వచ్చినవాడు ఆమె మేనమామ సోమన్న.

"తప్పుకో గుంటా."

"మావా, ఇది సుక్కల్ని సూసేదే. కొండ జోలికి రాదు."

"నువ్వూ ఆళ్లకి అమ్ముడుపోనావు."

గొడ్డలి తిరగేసి కొట్టాడు. ఎడమ భుజం ఎముక విరిగింది. పడిపోయిన ఆమెను దాటుకుంటూ లోపలికి వెళ్లి అంతా నుజ్జు చేశారు.

తర్వాత పోలీసులు ఊరి మీద పడ్డారు. దొరికినవాణ్ని దొరికినట్టు బాదారు. కొట్టినవాణ్ని గుర్తుపట్టడానికి, భుజానికి కట్టుతోనే ఉన్న క్రిస్టినాను స్టేషనుకు పిలిచారు. సోమన్న నేల మీద ఉన్నాడు. పెదవి చిట్లి, ఒక కన్ను మూసుకుపోయింది.

"వీడేనా?" కానిస్టేబుల్ అడిగాడు.

"ఇతనే. కేసు రాయండి. కొట్టకండి."

లాఠీ లేచింది, పడింది. మళ్లీ లేచేసరికి క్రిస్టినా మధ్యలోకి వెళ్లింది. ఆ దెబ్బ ఆమె కుడి ముంజేతి మీద పడింది.

"ఎందుకొచ్చినావే?" అన్నాడు సోమన్న.

"నీకింకా సెప్పాల్సింది ఉంది మావా."

సోమన్న బెయిలు మీద వచ్చాక ఒక పగటిపూట ఆమే అతన్ని కొండ మీదికి తీసుకెళ్లింది. కొత్త రిసీవర్ పనిచేస్తోంది. గొడుగు మెల్లగా తూర్పుకు తిరిగింది.

"పగలు సుక్కేటి?"

"మనకి కనపడదు. దీనికి ఇనపడతాది."

సోమన్న పూర్తిగా నమ్మలేదు. దిగేటప్పుడు ఆమె సంచి మాత్రం తాను మోశాడు. ఆమె ఎడమ చెయ్యి ఇప్పటికీ భుజం దాటి లేవదు. కోర్టులో జరిగింది జరిగినట్టే చెప్పింది. లాఠీ దెబ్బతో సహా.