అక్క ఫోను మీది పగులు

చిన్నప్పుడు అక్క పావడాలు పొట్టివైతే నాకు వచ్చేవి. ఇప్పుడు నా ఫోన్లు పాతవైతే అక్కకు పోతాయి. ఇలా చేద్దామని మేమిద్దరం ఎప్పుడూ అనుకోలేదు, జరిగిపోతోంది అంతే. అందుకే మదనపల్లెలో ఫోన్ల అంగడి ముందు నిలబడి కొనాలా వద్దా అని తటపటాయించినప్పుడు నేను నా ఫోను సంగతి ఆలోచించలేదు. నాది బాగానే ఉంది. పోయినసారి ఊరికి పోయినప్పుడు అక్క ఫోను చూశాను. వచ్చే నెల నుంచి అందులో వీడియో కాల్ పనిచేయదని తెర మీద రాసి ఉంది.

వీడియో కాల్ పోతే అక్కకు కూతురి ముఖం కనిపించదు. ఆ పిల్ల కుప్పంలో ఉంటుంది. ఏడో నెల, తొలి కాన్పు. మంచం దిగొద్దని, బస్సు అసలే ఎక్కొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. పుట్టింటికి తెచ్చుకునే వీల్లేదు. పోయి దగ్గరుందామంటే అక్కకు నాలుగు ఆవులు. వేరే చెయ్యి పొదుగు మీద పడితే తన్నే రకం. బావను కూడా రానివ్వవు. కాబట్టి రోజూ సాయంత్రం పాలు పిండి, చేతులు కడుక్కుని, కొట్టం అరుగు మీద కూర్చుని ఫోనులో కూతుర్ని చూసుకోవడమే అక్కకు మిగిలింది.

కొనేశాను. కొత్తది నేనుంచుకుని, ఆదివారం నా పాత ఫోను పట్టుకుని పుంగనూరులో దిగి, అక్కడి నుంచి ఆటోలో అక్క ఊరికి పోయాను.

అక్క దాన్ని ముట్టుకోలేదు. "ఇది బాగానే ఉండాది కదమే. యాల మార్చేది?" అంది తన ఫోను చూపిస్తూ. తెరకు అడ్డంగా, ఈ మూల నుంచి ఆ మూలకు పగులు. మా పొట్టి ఆవు తొక్కిన పుణ్యం అది. జానెడు ఆవైనా కాలు మాత్రం ఇనుము.

"ఆ పగుల్ని పట్టుకుని ఎన్నాళ్లు వేలాడతావక్కా? వచ్చే నెల నుంచి బిడ్డ ముఖం కనపడదు, ఇష్టమేనా?" అన్నాను. నా నోరు ఎప్పుడూ మంచిది కాదు. నేనే సిమ్ము మార్చి, అందరి పేర్లూ తెర మీద వరసగా సర్ది, చిన్న చిన్న ఫోటోలు కూడా పెట్టి, చాలా గొప్ప పని చేశానన్న ధీమాతో సాయంత్రం బస్సెక్కాను.

బుధవారం కుప్పం నుంచి పిల్ల ఫోను చేసింది. "చిన్నమ్మా, అమ్మ మూడు దినాలుగా ఫోన్ చేయలేదు. నేను చేస్తే ఎత్తుతుంది, రెండు మాటలు మాట్లాడి పెట్టేస్తుంది. ముఖం సూపియ్యడంలేదు. నామీద కోపమా?" అలాంటి సమయంలో దానికి అలాంటి అనుమానం రావడం నాకు నచ్చలేదు. అక్క మీద ఒళ్లు మండింది. మరునాడు సెలవు పెట్టి మళ్లీ పోయాను.

అక్క కొట్టం అరుగు మీద ఉంది. ఒళ్లో రెండు ఫోన్లు. చచ్చిపోయిన పాతదాని పగులు మీద ఒక వేలు పెట్టి, ఇంకో చేత్తో కొత్తదాని మీద అదే చోటు వెతుక్కుంటోంది. నన్ను చూసి రెండూ కొంగు కింద దాచింది.

"ఏం చేస్తాండావక్కా?"

అక్క కొంగు తీసి పాతదాన్ని చూపించింది. "పగులు మొదుట్లో నువ్వుంటావు మే. కొసన బిడ్డ ఉంటాది. సెయ్యి పెడితే గరుకు తగుల్తాది, సూడకుండానే పోతాది ఏలు. ఇది నున్నంగా ఉండాది. ఎవురు యాడుండారో నాకేం తెలుస్తాది?"

"ఫోటోలు పెట్టినాను కదా?"

"నువ్వులగింజంత ఫోటోలు. నాకు కండ్లు ఆనవు."

"పేర్లు...?" అని ఆగిపోయాను. అక్క సంతకం పెడుతుంది కదా, నాలుగు పేర్లు చదువుకోలేదా అనుకుంటూ వచ్చాను ఇన్నేళ్లూ. ఒక్కసారి కూడా అడగలేదు. ఆవుల వెంట ఎవరో ఒకరు పోవాలి కాబట్టి అక్క పోయింది, నేను బడికి పోయాను. ఇప్పుడు నేను మదనపల్లెలో ఒకటో తరగతి టీచర్ని. ఊళ్లో పిల్లలందరి చేతులూ పట్టుకుని దిద్దించాను, అక్క చెయ్యి పట్టుకోలేదు. నాకు సిగ్గేసింది. ఏడుపూ వచ్చింది.

"తప్పు నాదే అక్కా," అన్నాను.

"తప్పేముండాదిలే. కాఫీ తాగుతావా?" అంది.

కాఫీ తర్వాత అని చెప్పి, అక్క గాజుకు వేలాడుతున్న పిన్నీసు తీసుకున్నాను. తెర మీద నేను సర్దిన పేర్లన్నీ చెరిపేసి రెండే ఉంచాను. ఈ మూల నాది, ఆ మూల బిడ్డది. ఆ తర్వాత పైనున్న ప్లాస్టిక్ గార్డు మీద పిన్నీసుతో నొక్కి గీత గీశాను.

"అయ్యో, బంగారట్లా ఫోను! పాడు చేస్తాండావే!" అని అక్క నా చెయ్యి పట్టుకుంది.

ఆ చెయ్యే పట్టుకున్నాను. వేలు గీత మొదట్లో పెట్టించి నెమ్మదిగా కొస దాకా నడిపించాను. మళ్లీ మొదటికి తెచ్చాను. మూడోసారి అక్క నా చెయ్యి విదిలించుకుని తానే పోయింది. పాలు పిండి పిండి కాయలు కాసిన వేలు అది. గీత కొసన ఆగింది, నొక్కింది.

రెండు రింగులకే పిల్ల ముఖం వచ్చింది. దిండుకు ఆనుకుని ఉంది. "మా! కనపడినావా!" అని ఏడ్చేసింది.

"ఏడవద్దు, బిడ్డ బెదురుతాది. కడుపు సూపీ ముందు," అంది అక్క. చూసుకుంది. తృప్తిగా చూసుకున్నాక, "మీ చిన్నమ్మ నాకు దీంట్లో రాసిచ్చింది, సూడు," అని గీత చూపించబోయి ఫోను అటు తిప్పింది.

"ఏం రాసింది మా? నాకు ఆవులు కనపడతాండాయి."

"నీ పేరు," అంది అక్క.