ఒక కాలు పొడుగున్న స్టార్

మా ఆయన చేసే క్రిస్మస్ స్టార్‌కు ఎప్పుడూ ఒక కాలు పొడుగే. పెళ్లయిన కొత్తలో దిల్‌సుఖ్‌నగర్‌లో ఒంటి గది కిరాయికి తీసుకొని ఉన్నప్పుడు మొదటిది చేశాడు. వెదురు బద్దలు చీల్చి, దారంతో బిగించి, మైదా ఉడికించి ఎర్ర కాగితం అంటించాడు. లోపల బల్బు పెట్టి పిట్టగోడకు కట్టాక చూస్తే ఐదు కాళ్లలో ఒకటి జానెడు ముందుకు పోయి ఉంది.

"బస్సు నడిపెటోనివి, అన్ని దిక్కుల సమానంగ ఉండాలని తెల్వదా?" అన్నాను.

"గా కాలు బెత్లెహేము దిక్కు చూపిస్తున్నదే," అన్నాడు.

మరుసటి ఏడూ అంతే, ఆ తర్వాతా అంతే. నేర్చుకుంటాడేమోనని నేను చాలాకాలం ఎదురుచూశాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా వాళ్లంతా అంటారు కానీ, ఆ స్టార్ విషయంలో నేను చూపించిన ఓర్పు ఎవరికీ గుర్తుండదు.

మా ఇంటి ఓనరమ్మ పొద్దున లేస్తే పూజగది వదలని మనిషి. అయినా డిసెంబరు వచ్చిందంటే, "ఏందమ్మా, ఇంక చుక్క కట్టలే?" అని తనే అడిగేది. కేకు పిండి కలిపి బేకరీకి తీసుకుపోతుంటే నా వెంట తనూ వచ్చేది. అందరి డబ్బాలూ ఒకే పొయ్యిలోకి పోయేవి కాబట్టి, గుర్తుగా నా డబ్బాకు పాత చీర అంచు కట్టేదాన్ని. అయినా ఒకసారి ఎవరిదో కేకు మా చేతికొచ్చింది. గొడవ పెట్టుకుందామని బయల్దేరి, దారిలో ఒక ముక్క తుంచి నోట్లో వేసుకొని, ఇద్దరం మాట్లాడకుండా వెనక్కి తిరిగాం.

చర్చి నుంచి పాటలు పాడుకుంటూ వచ్చేవాళ్లు స్టార్ ఉన్న ఇళ్ల ముందే ఆగుతారు. మా గది ముందు ఆగేవాళ్లు. మన్సూరాబాద్‌లో సొంతిల్లు కట్టుకున్నాక అక్కడా ఆగేవాళ్లు. "ఒక కాలు పొడుగున్న ఇల్లు" అంటే చర్చిలో అందరికీ తెలుసు. వాళ్లకు చాయ్, గారెలు. తెల్లవారి ప్రార్థన అయ్యాక దవాఖానలో నాతో పనిచేసే నర్సులకు, మా ఆయన డిపో వాళ్లకు బగారన్నం, మటన్ కూర. దసరాకు, ఉగాదికి వాళ్ల డ్యూటీలు మా ఆయన చేసేవాడు, క్రిస్మస్‌కు ఆయన డ్యూటీ వాళ్లు చేసేవాళ్లు. డ్యూటీ దిగినవాళ్లు దిగినట్టే ఖాకీ బట్టలతో వచ్చి తిని పోయేవాళ్లు. నాకు క్రిస్మస్ అంటే అదే. చర్చిలో ఎంత శ్రద్ధగా మోకరించినా, ఇంటికొచ్చి ఒక్కరైనా తినిపోకపోతే పండగైనట్టు ఉండదు.

ఇద్దరం రిటైరయ్యాక మా ఆయన ఒక మాటన్నాడు.

"సర్వీసంత వాళ్లు ఆపమన్న కాడ ఆపిన. ఇగ నాకు నచ్చిన కాడ ఆపుకుంట."

పాత వ్యాను ఒకటి కొని, అందులో మంచం బిగించి, గ్యాస్ పొయ్యి పెట్టించాడు. ఇల్లు కిరాయికి ఇచ్చేశాం. కాళ్లకు బలపం కట్టుకున్నట్టు తిరుగుతున్నారని మా చెల్లెలు దెప్పింది. దెప్పితే దెప్పింది, నాకు చాలా బాగుంది. సాగర్ కట్ట దగ్గర తెల్లవారి చాయ్ తాగాం. కృష్ణ ఒడ్డున బట్టలుతికి రాళ్ల మీద ఆరేశాం. ఇన్నేళ్లూ రోడ్డుకేసి మాత్రమే చూసిన మనిషి పక్కకు చూసి, "గీ గుట్ట ఎప్పట్నుంచి ఉన్నదే ఈడ?" అని అడిగితే నవ్వాపుకోలేకపోయాను.

డిసెంబరులో మాత్రం నా మనసు ఆగలేదు. పండగకు మన చర్చికే పోవాలని పట్టుబట్టి బండి హైదరాబాద్ వైపు తిప్పించాను. దారిలో ఉండగా పాటల వాళ్ల పెద్ద ఫోన్ చేశాడు.

"అమ్మా, ఈసారి ఏడున్నరు? అడ్రస్ చెప్పుండ్రి, ఒస్తం."

నోటి దాకా వచ్చిన మన్సూరాబాద్ గల్లీ పేరు మింగేశాను. మా ఇంట్లో ఇప్పుడు వేరేవాళ్లున్నారు. ఏం చెప్పాలి? "ఈ ఏడు వద్దులే అయ్యా," అని ఫోన్ పెట్టేశాను. ఇల్లు అలకగానే పండగ కాదంటారు. మాకు అలకడానికి ఇల్లే లేదని అప్పుడు మొదటిసారి బాధేసింది. చెల్లెలు రమ్మంది కానీ, పండగ పూట ఒకరింట్లో కూర్చొని తినడం నాకు చేతకాదు.

ఇరవై నాలుగో తారీఖు సాయంత్రం బాటసింగారంలో, హైవే పక్కన మా ఆయన స్నేహితుడి ఖాళీ ప్లాటులో బండి ఆపాం. తెల్లవారి అక్కడి నుంచే చర్చికి పోవాలని. నేను మూతి ముడుచుకొని, చేసినా తినేవాళ్లు లేరని తెలిసీ గారెలకు పప్పు రుబ్బాను. కుక్కర్‌లో కేకు పెడితే అడుగు కాస్త మాడింది. మా ఆయన వెదురు బద్దలు ముందేసుకొని కూర్చున్నాడు. చీకటి పడుతుండగా స్టార్‌ను పొడుగాటి కర్రకు కట్టి, బండి పైన నిలబెట్టి, బ్యాటరీకి వైరు కలిపాడు. ఎర్రగా వెలిగింది. కాలు పొడుగే.

"ఎవరి కోసమయ్యా ఇది?" అన్నాను.

"నీ కోసమే," అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. పొయ్యి వైపు తిరిగాను.

కాసేపటికి పండ్ల మార్కెట్‌కు పోయే లారీ ఒకటి రోడ్డు పక్కన ఆగింది. డ్రైవర్ దిగి నేరుగా మా దగ్గరికొచ్చాడు.

"అమ్మా, చాయ్ ఉన్నదా?"

రోడ్డు పక్కన కర్రకు ఎర్ర లైటు, కింద నూనెలో గారెల వాసన. హోటలనుకున్నాడు పాపం. మా ఆయన, "ఇది హోటల్ కాదు తమ్మీ," అనబోతే, నేను మోచేత్తో పొడిచి, "ఉన్నది బిడ్డా, కూసో," అన్నాను.

లారీ ఆగి ఉండటం చూసి ఇంకో లారీ ఆగింది. "టిఫిన్ ఏముందండి?" అంటూ కోస్తా వైపు మనిషి దిగాడు. తర్వాత ఇంకొకరు. గారెలు వేసినవి వేసినట్టే అయిపోతున్నాయి. పాలు అయిపోతే నల్ల చాయ్ పోశాను. మాడిన కేకు కూడా మిగల్లేదు. మా ఆయన గ్లాసులు కడగలేక అలిసిపోయి నావైపు చూశాడు. నేను చూడనట్టే ఉన్నాను, అంత సంతోషంగా ఉంది నాకు.

మొదట వచ్చినతను లేచి జేబులో చెయ్యి పెట్టాడు.

"పండుగకు వొచ్చినోళ్ల తాన పైసలు తీస్కుంటరా?" అన్నాను.

అతను స్టార్ వైపు చూశాడు, బండిలో మంచం వైపు చూశాడు. అప్పుడర్థమైంది. సిగ్గుపడి లారీ దగ్గరికి పోయి, తువ్వాల నిండా బత్తాయిలు తెచ్చి నా ముందు పెట్టాడు.

"అడ్రస్ చెప్పమ్మా. వచ్చే పండుగకు మా ఇంటామెను తోల్కొస్త."

ఈసారి నేను తడుముకోలేదు.

"ఏ రోడ్డు మీదుంటమో తెల్వది బిడ్డా. ఒక కాలు పొడుగున్న చుక్క కనబడితే ఆగు. గదే మా ఇల్లు."